పెట్టె అంచు

ధ్యాన భాగములు: సామెతలు 12:10, రెండవ సమూయేలు 12:1–4



ఈ నెల ధ్యానము ఒక ముసలి కుందేలుతో మొదలగుచున్నది. సంఘకాపరికి వ్రాయుటకు వేరే సంగతులు లేవా అని మీలో కొందరు అనుకొనవచ్చును. కొంతకాలము క్రిందట నేనును అట్లే అనుకొనియుందును. కాని గడచిన సంవత్సరము మా యింట జరిగిన సంగతి నన్ను కొంత సిగ్గుపరచినది, కొంత నేర్పినది. సిగ్గును దాచుకొని, నేర్చుకొన్నది మాత్రమే మీకు చెప్పుట న్యాయము కాదు గనుక రెండును వ్రాయుచున్నాను.

తొమ్మిదేండ్ల క్రిందట క్రిస్మసు సెలవులలో మా చిన్నమ్మాయికి దాని మేనమామ పట్టణములోని సంతనుండి ఒక కుందేలు పిల్లను తెచ్చి ఇచ్చెను. తెల్లని ఒళ్లు, ఎఱ్ఱని కన్నులు. పిల్లలు దానికి ముత్యము అని పేరు పెట్టిరి. అది పాలు ఇయ్యదు, గ్రుడ్డు పెట్టదు, కావలి కాయదు. పల్లెటూరి లెక్కలో పనికిరాని జీవము. అయినను బడినుండి వచ్చిన పిల్లల కాళ్ల చుట్టు తిరుగుచు, సాయంకాల ప్రార్థన వేళ చాపమీద ఒక మూల పండుకొనుచు అది మా యింటిలో ఒకటి అయినది.

కుందేలు స్వభావముచేత శుభ్రమైన ప్రాణి. ఒక మూలను తానే ఎంచుకొని అక్కడనే మూత్రము విడుచును. ఆ మూలను ఒక పెట్టె ఉంచి, అడుగున పాత వార్తాపత్రికలు, పైన ఎండుగడ్డి పరచి, తినవలసిన గడ్డిని కూడ ప్రక్కనే ఉంచినయెడల కొలది వారములలో అలవాటు పడును. ఏలయనగా అది మేయుచునే విసర్జించు జంతువు. మా అమ్మాయి పండ్లు అమ్మువారి యొద్ద ఒక పాత ప్లాస్టిక్ ట్రే తెచ్చి అట్లే చేసెను. దాని అంచు జానెడు ఎత్తు. పిల్లలు దానిని "ముత్యం దొడ్డి" అని పిలిచెడివారు. ఇంటికి వచ్చిన బోధకులు చూచి ఆశ్చర్యపడుచుండగా నేను ఆ ఘనతను కొంత నా ఖాతాలో వేసికొనెడివాడను. క్రమశిక్షణగల ఇంట కుందేలు కూడ క్రమముగా ఉండునని ఒకసారి ప్రసంగములో సైతము చెప్పితిని.

గడచిన సంవత్సరము వానకాలములో ఆ క్రమము తప్పినది. మొదట పెట్టె ప్రక్కన తడి కనబడెను. తరువాత వసారాలో, వంటింటి గడప యొద్ద, చివరకు ప్రార్థన చాపమీద. శనివారము రాత్రి నేను ప్రసంగము సిద్ధపరచుకొనుచుండగా కాలిక్రింద తడి తగిలెను. మరునాడు ఉదయము స్త్రీల కూటమువారు ఇంటికి వచ్చినప్పుడు ఒక సహోదరి పైటచెంగు ముక్కునకు అడ్డము పెట్టుకొనుట చూచితిని. నాకు తల కొట్టివేసినట్లాయెను. ఎనిమిదేండ్లు తెలిసిన పనిని ఇప్పుడు మానినదంటే ఇది మొండితనము గాక మరేమని తలంచితిని. దానిని పట్టుకొని పెరటిలోని పాత కోళ్ల గూటిలో వేసి తలుపు బిగించితిని. సంతకు పోవు ఒకతనితో "కావలసినవారు ఉంటే ఇచ్చేయండి" అని కూడ అంటిని. కావలసినవారు దేనికొరకు కోరుదురో నాకు తెలియనిది కాదు.

ఆ రాత్రి మా అమ్మాయి అన్నము ముందు కూర్చుండి ఒకే ఒక మాట అడిగెను. "నాన్నా, అది కావాలని చేసిందా?"

నేను జవాబు చెప్పలేదు. అడుగవలసిన ప్రశ్నను నేను అడుగకుండనే తీర్పు తీర్చియుంటిని.

గూటిలో రెండు దినములు

మూడవ ఉదయమున నా భార్య దానికి మేత వేయబోయి, ఎత్తి చూచి, నన్ను కేక వేసి పిలిచెను. దాని వెనుక కాళ్ల నడుమ బొచ్చు తడిసి అంటుకొనియుండెను. చర్మము ఎఱ్ఱగా కమిలియుండెను. ఆ తడి బొచ్చులో ఈగలు గ్రుడ్లు పెట్టియుండెను, తెల్లని నూకల వలె.

చదువరులారా, కుందేలు పెంచువారు ఈ సంగతిని మరువకూడదు. వెచ్చని దినములలో, వానకాలములో, మలమూత్రములతో తడిసిన బొచ్చు ఈగలను పిలుచును. ఆ గ్రుడ్లు ఒక దినములోపలనే పురుగులై బ్రదికియున్న చర్మమును తొలువనారంభించును. అట్టి స్థితి కనబడినయెడల రేపటికి వాయిదా వేయుటకు వీలులేదు. మా మేలు ఏమనగా అవి ఇంకను గ్రుడ్లుగానే ఉండెను. నా భార్య దీపపు వెలుగులో కూర్చుండి చిన్న చిమటాతో ఒక్కొక్కటి తీసెను. నేను కుందేలును పట్టుకొనియుంటిని. అది కదలలేదు. నేను గూటిలో వేసిన చేతులతోనే దానిని పట్టుకొనియున్నానని ఆ గంటసేపును నాకు జ్ఞాపకము వచ్చుచుండెను.

ఇంటిలోనికి తెచ్చి పెట్టె యొద్ద విడిచితిమి. అప్పుడు అది చేసినది నేను మొదటిసారి నిదానముగా చూచితిని. అది నేరుగా పెట్టె యొద్దకు పోయెను. ముందు కాళ్లు రెండును అంచుమీద పెట్టెను. కొంతసేపు అట్లే నిలిచెను. వెనుక కాళ్లు ఎత్తబోయి, ఎత్తలేక, క్రిందికి దిగెను. మరల పెట్టెను, మరల దిగెను. అటుతరువాత ఆ అంచునకు ఆనుకొనియే నేల తడిపెను.

అది పెట్టెను మరువలేదు. పెట్టె దానికి అందకుండ పోయినది. ఎనిమిదేండ్ల క్రిందట ఒక్క గంతులో దాటిన జానెడు అంచు ఇప్పుడు దానికి గోడ అయినది.

వైద్యుడు చెప్పినది

మండల కేంద్రములోని పశువైద్యునియొద్దకు బుట్టలో పెట్టి తీసికొనిపోతిమి. ఆయన దినమెల్ల గేదెలను, మేకలను చూచువాడైనను కుందేలును చూచి నవ్వలేదు. కడుపు నొక్కి చూచెను, కాళ్లు వంచి చూచెను, మూత్రము పరీక్షింపజేసెను. "అయ్యగారూ, ముసలితనం రోగం కాదండీ. కానీ అలవాటున్న కుందేలు పెట్టె తప్పిందంటే ఎక్కడో ఏదో బాధ ఉన్నట్టే" అని చెప్పెను.

ఆయన వివరించినది ఇది. ఇంటి కుందేలు సాధారణముగా 8 మొదలు 12 ఏండ్లు బ్రదుకును. వయస్సు మళ్లిన దానికి కీళ్లలోను వెన్నులోను అరుగుదల వచ్చి గెంతుట కష్టమగును. అది వేటకు గురియగు జాతి గనుక నొప్పిని పైకి చూపదు. మూలుగదు, కేక వేయదు. రెండవది, కుందేలు తిన్న సున్నపు సత్తువలో మిక్కిలి భాగము మూత్రములోనే పోవును. అందుచేత మేతలో అది ఎక్కువై, నీరు తక్కువైనయెడల మూత్రము సున్నపు నీళ్లవలె చిక్కబడి, ఇసుకగాను రాళ్లుగాను మారి మంట పుట్టించును. మూడవది, మూత్రసంచికి చీము పట్టవచ్చును, మూత్రపిండములు దెబ్బతినవచ్చును. కంటికి కానరాని ఒక పరాన్నజీవి నరములను పట్టి వెనుక కాళ్లను చచ్చుబడజేయవచ్చును. వయస్సు మళ్లిన ఆడ కుందేలునకు గర్భసంచిలో గడ్డలు లేచుట కూడ కద్దు; అప్పుడు మూత్రములో రక్తము కనబడును. అయితే ఎఱ్ఱగా ఉన్న ప్రతి మూత్రము రక్తము కాదు, కొన్ని ఆకుల రంగు కూడ అట్లే దిగును. అది తేల్చుటకు పరీక్ష కావలెను.

మరియొక సంగతి చెప్పెను. లేవీయకాండము 11వ అధ్యాయములో కుందేలు నెమరువేయు వాటిలో ఎంచబడినదని మీకు తెలియును. ఆవువలె అది నెమరువేయదు గాని, తిన్నదానిని రెండవసారి తినునది నిజమే. దానికి రెండు విధముల విసర్జన కలదు. ఒకటి గట్టి ఉండలు. రెండవది మెత్తని, గుత్తిగానుండు చిన్న ముద్దలు. వీటిని అది వంగి నోటితోనే తీసికొని మ్రింగును. వాటిలో దానికి కావలసిన బలము ఉన్నది. వెన్ను నొప్పిచేత వంగలేని కుందేలు ఆ మెత్తని ముద్దలను వదలివేయును. అవి దాని ఒంటికే అంటుకొనును. కాబట్టి మురికిగా కనబడు ముసలి కుందేలు అనేక పర్యాయములు శుభ్రతను విడిచినది కాదు, తన్ను తాను శుభ్రపరచుకొనలేనిది.

ముత్యమునకు ఉన్నవి రెండు: కీళ్ల నొప్పి, మూత్రములో సున్నము. మేము బలమని దినమును వేసిన మునగాకును తగ్గింపుమని, లూసర్న్ గడ్డి మానుమని, మామూలు గడ్డియు నీళ్లును ఎక్కువ ఇమ్మని చెప్పెను. నొప్పికి మందు వ్రాసి ఇచ్చెను. మనుష్యులకు వాడు మాత్రలు మన యిష్టము వచ్చినట్లు ఇయ్యవద్దని, పెన్సిలిన్ జాతి మందులు నోటిద్వారా ఇచ్చినయెడల కుందేలు ప్రేగులు చెడి చచ్చునని గట్టిగా హెచ్చరించెను. సగము దినము ఏమియు తినకున్నను, ఉండలు వేయకున్నను ఆలస్యము చేయక తీసికొనిరమ్మనెను.

మేము చేసినది

ఇంటికి వచ్చిన తరువాత మేము చేసిన మొదటి పని మిక్కిలి చిన్నది. కత్తి కాల్చి ఆ ట్రే అంచును ఒక ప్రక్క రెండు అంగుళముల ఎత్తునకు కోసి, గీసుకొనకుండ గుడ్డ చుట్టితిమి. ఆ సాయంకాలమే ముత్యము పెట్టెలోనికి నడచి వెళ్లెను. నేను ఏమియు మాటలాడలేదు. మా అమ్మాయి కూడ మాటలాడలేదు. ఎనిమిదేండ్ల మర్యాద మరల రావడానికి ఒక కత్తియు, అయిదు నిమిషములును చాలినవి.

అన్నియు ఒక్కసారి బాగుపడలేదు. పెట్టె దూరమైనప్పుడు అది చేరలేదు గనుక వసారాలో రెండవ పెట్టె పెట్టితిమి. గచ్చునేలమీద కాళ్లు జారుచున్నవని పాత గోనెపట్టాలు పరచితిమి. పండుకొను చోట మెత్తని పాత దుప్పటి వేసి, తడిసినప్పుడెల్ల మార్చుచున్నాము. దినమునకు రెండుసార్లు వెనుక భాగము చూచుట నా భార్య పని. మురికి పట్టినయెడల ఆ భాగము మాత్రమే గోరువెచ్చని నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరు వరకు మెత్తని గుడ్డతో అద్దుట నా పని. కుందేలును ఒళ్లంతయు ముంచి స్నానము చేయించకూడదు. బెదరును, చలి పట్టును. గోళ్లు కత్తిరించుట మా అమ్మాయి పని. వేసవిలో అది ఎండకు తాళలేదు గనుక తడిగుడ్డ చుట్టిన నీళ్ల సీసా ప్రక్కన ఉంచెదము.

ఎరుగుట అను మాట

సామెతలు 12:10లో నీతిమంతుడు తన పశువుయెడల ఎట్లుండునో చెప్పబడినది. మన తెలుగు తర్జుమాలో దయగా చూచుట అను భావము ఉన్నది. అది సరియే. కాని హెబ్రీ మూలములో ఉన్న క్రియకు నేరైన అర్థము "ఎరుగుట". నీతిమంతుడు తన పశువు ప్రాణమును ఎరుగును. సెమినరీలో ఈ మాటను మేము నేర్చుకొంటిమి. పరీక్షలో వ్రాసి మార్కులు కూడ తెచ్చుకొంటిమి. అది గచ్చునేలమీద మోకాళ్లూని కుందేలు కాళ్ల ఎత్తును చూచుట అని నాకు అప్పుడు తెలియలేదు.

దయ అనగా కోపము తగ్గించుకొనుట అని మనము అనుకొందుము. కోపము తగ్గించుకొని నేను ఆ కుందేలును కొట్టకుండ విడిచియుంటే అది దయయేనా? అంచు జానెడు ఎత్తుననే ఉండును, అది నేలమీదనే తడుపును, నేను ఓర్చుకొనుచుందును, నా ఓర్పును నేనే మెచ్చుకొందును. దానికి ఒరిగినది ఏమియు లేదు. ఎరుగని దయ ఇంతవరకే పోగలదు. ఏది అడ్డమైనదో తెలిసికొని ఆ అడ్డమును తీయుట అక్కడనుండి మొదలగును.

నాతాను ప్రవక్త దావీదు రాజునకు చెప్పిన ఉపమానము మీకు తెలిసినదే. పేదవానికి ఒకే ఒక ఆడు గొఱ్ఱెపిల్ల ఉండెను. అది వాని పిల్లలతో కూడ పెరిగెను, వాని చేతి ముద్ద తినెను, వాని రొమ్మున పండుకొనెను. ధనవంతుని కంటికి అది ఒక పూట కూర. ఉపమానమంతయు ఆ రెండు చూపుల మధ్యనే నడచుచున్నది. సంతకు పోవువానితో నేను ఆ మాట అన్నప్పుడు ఎవరి కన్నులతో చూచితినో తరువాత తెలిసికొంటిని.

ఒక భక్తకవి మట్టి పళ్లెము

ఇంగ్లాండు దేశపు కీర్తనకారుడు విలియం కౌపర్ పేరు మీరు వినియుందురు. జాన్ న్యూటన్‌తో కలిసి ఆయన వ్రాసిన ఓల్నీ కీర్తనలు 1779లో అచ్చుపడినవి. ఆయన తీవ్రమైన మనోవ్యాధితో క్రుంగియున్న కాలములో, 1774లో, మూడు చెవులపిల్లి కూనలను పెంచనారంభించెను. పది సంవత్సరముల తరువాత వాటిని గూర్చి తానే ఒక పత్రికకు వ్రాసెను. ఆయన వాటికి వేరువేరు గదులు చేయించి, అడుగునుండి విసర్జన క్రింద పడునట్లు అమర్చి, క్రింద మట్టి పళ్లెములు పెట్టి, వాటిని తీసి కడుగుచు శుభ్రముగా ఉంచెను. మనోవ్యాధితో క్రుంగిన మనుష్యుడు ఆ పళ్లెములు కడుగుచు బ్రదికెను.

ఆ మూడింటిలో బెస్ అనునది పెరిగిన కొలది కాలమునకే చచ్చెను. కారణమును కౌపర్ దాచలేదు: గదిని కడిగి, అది ఆరకముందే దానిని లోనికి విడిచినారు. శుభ్రము చేయవలెనను తొందరయే దానిని చంపినది. మనము కడుగునది మన ముక్కుకొరకా, దాని ఒంటికొరకా అని నేను ఇప్పుడు ప్రతిసారి గుడ్డతో అద్దుచు తలంచుకొందును. పస్ అను మరియొకటి జబ్బుపడగా కౌపర్ మూడు దినములు దానికి పరిచర్య చేసెను. కోలుకొన్న తరువాత అది ఆయన చేతిని వ్రేళ్ల సందులతో సహా నాకెనట. అది దాదాపు 12 ఏండ్లు బ్రదికి 1786లో ముసలితనముచేతనే కన్ను మూసెను.

పెద్దగారి ప్రశ్న

మా సంఘ పెద్దలలో ఒకరు నన్ను సూటిగా అడిగిరి. "అయ్యగారూ, ఊళ్లో మందులు కొనుక్కోలేనివాళ్లు ఉన్నారు. కుందేలుకు మందేమిటండీ?"

ఈ ప్రశ్నను త్రోసివేయరాదు. నాయొద్ద ఉన్న రూపాయితో పొరుగింటి బిడ్డకు మందు కొనవలెనా, కుందేలునకు కొనవలెనా అను దినము వచ్చినయెడల బిడ్డకే కొనవలెను. మనుష్యుని విలువను ప్రభువే అనేక పిచ్చుకల కంటె హెచ్చుగా ఎంచెను. అదే మాటలో పిచ్చుకను కూడ దేవుడు మరువడని చెప్పెను. అయితే ఆ వారము మా యింట అట్టి ఎంపిక రాలేదు. నేను కుందేలును గూటిలో వేసినది ఏ పేదవాని మేలుకొరకును కాదు. నా చాప తడవకుండుటకును, వచ్చినవారి యెదుట నా పరువు పోకుండుటకును వేసితిని. పేదవారి పేరు చెప్పి నా సుఖమును కాపాడుకొనుట నాకు తగదు. పైగా ఎనిమిదేండ్లు మన చేతి మేత తిన్న జీవమును ముసలిదైనప్పుడు వీథిలో విడుచుట దయలేమి మాత్రమే కాదు. జంతువులను ఆకలిదప్పులకు గురియగునట్లు విడిచిపెట్టుట 1960 నాటి మన దేశపు చట్టము ప్రకారము కూడ నేరము.

పెద్దగారికి ఇంతవరకు చెప్పితిని. చెప్పవలసినది ఇంకొకటి ఉండెను. అది ఆయనకు కాదు, నాకు.

ముందు బల్ల ఖాళీ

మా సంఘములో ఒక వృద్ధురాలు ఉన్నారు. ముప్పది ఏండ్లు ముందు బల్లలో అదే చోట కూర్చుండినవారు. ఆ సంవత్సరము నాలుగు నెలలుగా రాలేదు. నేను దానిని విశ్వాసము చల్లారుటగా లెక్కించి, హెబ్రీయులకు 10:25 మీద, సమాజముగా కూడుట మానినవారిని గూర్చి ప్రసంగించితిని. పేరు చెప్పలేదు గాని అందరికి తెలిసెను.

ఆమెను కుందేలుతో పోల్చుచున్నానని ఎవరును అనుకొనవద్దు. ఆమె మా అందరికి తల్లివంటివారు. పోల్చుచున్నది నన్ను నాతోనే. చాపమీద తడిని చూచి మొండితనమని తీర్పు తీర్చిన మనుష్యుడే ఖాళీ బల్లను చూచి విశ్వాసహీనత అని తీర్పు తీర్చెను. రెండు చోట్లను అతడు అడుగలేదు.

ఈసారి నా భార్యను పంపితిని. ఆమె చాలసేపు కూర్చుండిన తరువాత ఆ తల్లి మెల్లగా చెప్పిరి: "ఆపుకోలేకపోతున్నానమ్మా. గుళ్లో తడిస్తే ఎవరికి ముఖం చూపించను?" మన గుడి వెనుకనున్న మరుగుదొడ్డికి మూడు మెట్లు ఉన్నవి. పట్టుకొనుటకు ఏమియు లేదు. తాళముచెవి నా మేజా సొరుగులో ఉండెడిది.

మేము మెట్ల ప్రక్కన ఏటవాలు గచ్చు వేయించి, గోడకు ఇనుప కడ్డీ బిగించి, ఆరాధన వేళ తాళము తీసియుంచుచున్నాము. తలుపు దగ్గర వీపు ఆనుకొను కుర్చీ ఒకటి వేసితిమి. అందులో ఎవరైనను కూర్చుండవచ్చును, ఎప్పుడైనను లేచి వెళ్లవచ్చును, ఎవరును తిరిగి చూడరు. నా భార్య ఆమెను ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తీసికొనిపోయెను. ఇది వయస్సుతో వచ్చునదే, ఎవరికి చెప్పుకొందుము అని అనేకులు ఓర్చుకొందురు. దీనికి కారణములు అనేకములు, వాటిలో చికిత్సకు లొంగునవి కూడ అనేకములు అని డాక్టరమ్మగారు చెప్పిరి. కాబట్టి ఈ పత్రిక చదువు తల్లులకు, తండ్రులకు నా మనవి: సిగ్గుపడి ఇంట కూర్చుండక వైద్యులకు చెప్పుడి. మూడవ ఆదివారము ఆమె గుడికి వచ్చిరి. ఆరాధన అయిన తరువాత ఆమె చేయి పట్టుకొని, ఆ ప్రసంగము నిమిత్తము క్షమించుమని అడిగితిని. "పోనీండి అయ్యగారూ, మీకేం తెలుసు" అనిరి. తెలిసికొనుట నా పని అని ఆమెకు చెప్పలేకపోతిని, మీకు వ్రాయుచున్నాను.

ఇప్పటి సంగతి

ముత్యము ఇంకను ఉన్నది. దినములో ఎక్కువ భాగము గోనెపట్టామీద పండుకొనియుండును. వారమునకు రెండు మూడుసార్లు పెట్టె చేరకముందే నేల తడియును. ఆ తడిని తుడుచుటకు గుడ్డ వేరుగా పెట్టితిమి. ప్రార్థన చాపను ఒక మూర దూరము జరిపితిమి.

ఒక దినమున మందుకు లొంగని నొప్పి రావచ్చును. అది మేత ముట్టక, కదలక, బాధలోనే ఉండునట్టి దినము వచ్చినప్పుడు, పశువైద్యుడు బాధ లేకుండ దాని ప్రాణము తీయుట మేలని చెప్పినయెడల, నేను ఆ మాట వినవలెనని తలంచుచున్నాను. తుడుచుట మాకు విసుగు పుట్టినందున మాత్రము ఆ మాట అడుగరాదు. ఈ రెండింటిని వేరుచేసి చూచుటకు మనస్సాక్షి శుభ్రముగా ఉండవలెను. నాకు ఒంటరిగా ఆ నమ్మకము లేదు గనుక ఆ దినమున నా భార్యను, మా అమ్మాయిని కూడ అడిగెదను.

ప్రియులారా, ఈ నెల మీ యిండ్లలో ఎవరైనను, ఏదైనను ముందు చేసినట్లు చేయక మీకు విసుగు పుట్టించుచున్నదా? ముసలి ఎద్దు కావచ్చును, కుక్క కావచ్చును, మంచము పట్టిన మామగారు కావచ్చును, చదువు వెనుకబడిన పిల్లవాడు కావచ్చును. తీర్పు చెప్పకముందు ఒకసారి క్రిందికి వంగి చూడుడి. అంచు ఎంత ఎత్తున్నదో కొలువుడి. తగ్గించుటకు మీ చేతిలో ఉన్నంత తగ్గించుడి.

ప్రార్థన: మా మట్టిని ఎరిగిన తండ్రీ, మేము శుభ్రముగాను బలముగాను ఉన్నప్పుడు మాత్రమే గాక, మమ్మును మేము కడుగుకొనలేనప్పుడును నీవు మమ్మును చేర్చుకొనుచున్నావు. అడుగకుండ తీర్చిన తీర్పులను మాకు జ్ఞాపకము చేయుము. నీవు మా చేతికి అప్పగించిన ప్రతి ప్రాణమును ఎరుగుటకు మాకు ఓపికయు, వంగు మోకాళ్లును దయచేయుము. ఆమేన్.